డంబెల్స్‌కి ఆవిరి స్నానం

మా మేడ కింద బాంబు షెల్టర్ ఉంది. యుద్ధమొస్తే అందరం అందులో దూరి కూర్చోవాలని కట్టారు. యుద్ధం రాలేదు, ఈలోపు మేమంతా లావెక్కాం, అందుకని అందులో జిమ్ పెట్టుకున్నాం. జానెడు మందాన ఇనుప తలుపు. కిటికీ అన్నమాటే లేదు. గాలి కావాలంటే చేత్తో తిప్పే యంత్రం ఒకటుంది. దాన్ని తిప్పడం కూడా కసరత్తేనని ఓస్మో అంటాడు. అంటాడే గాని, తిప్పగా నేను చూడలేదు.

ఆ జిమ్‌కి నికరంగా వెళ్లేది ముగ్గురం. నేను, అంటే సైమిని, రిటైరయ్యేదాకా కాగితం మిల్లులో క్రేన్ నడిపాను. ఓస్మో ఐస్ హాకీ మైదానంలో మంచు చదును చేసేవాడు. హిల్కా ఆసుపత్రిలో నర్సు. ముగ్గురి వయసూ కలిపితే ఈ దేశానికి స్వాతంత్ర్యం రాకముందుకి పోతాం. మిగతావాళ్లు జనవరిలో కొత్త బూట్లేసుకుని దిగుతారు, ఫిబ్రవరికల్లా మాయమైపోతారు. వాళ్ల చెమట మాత్రం బల్లల మీద ఏడాది పొడుగునా ఉంటుంది.

నాకు జిమ్ సరదా కాదు. పోయిన చలికాలం చెత్త పారబొయ్యడానికి వెళ్లి మంచు మీద జారిపడ్డాను, తుంటి మార్చారు. నేనుండేది నాలుగో అంతస్తు, మేడకి లిఫ్టు లేదు. ఫిజియోథెరపీ పిల్ల నా కాలు అటూ ఇటూ వంచి చూసి, "లెగ్ ప్రెస్ మీద కాళ్లతో తోస్తూ ఉండండి. మానేశారో, మెట్లెక్కలేరు. అప్పుడు లిఫ్టున్న ఇల్లు చూసుకోవాలి" అంది. లిఫ్టున్న ఇళ్లు ఊరవతల ఉన్నాయి. వాటి కిటికీ తీస్తే కార్లు కనిపిస్తాయి. నా కిటికీ తీస్తే సరస్సు, దానవతల మిల్లు గొట్టం, దాని మీద తెల్లటి ఆవిరి. ఆ కిటికీ పోతుందంటే నాకు భయం. పైకి తిట్టుకుంటూ తిరుగుతాను గాని, ఆ వసంతమంతా లోపల ఉన్నది భయమే.

సరిగ్గా అప్పుడే మా మేడ సంఘం ఛైర్మన్ ఔలిస్ కన్ను షెల్టర్ మీద పడింది.

ఔలిస్ సర్వేయర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. మనిషి వంద కిలోలు దాటి ఉంటాడు, నడుస్తుంటే మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు నడుస్తాడు. మా మేడలో ఎక్కడ ఏ బోర్డు కనిపించినా అది ఆయన రాసిందే. షెల్టర్ పక్కనున్న ఆవిరి స్నానాల గది, అదే సౌనా, దాని తలుపు మీద ఉన్నది మరీ పెద్దది: "పీట గుడ్డ లేకుండా ఎవరూ బల్ల మీద కూర్చోరాదు." సౌనాలో ఎవరి పిర్ర కింద వాళ్ల గుడ్డ పరుచుకోవాలని మాకు ఉగ్గుపాలతోనే నేర్పుతారు, దానికి బోర్డెందుకు? అయినా పెట్టాడు. అలాంటి మనిషి, వార్షిక సమావేశంలో చర్చించే విషయాల్లో ఒకటి చేర్చాడు: జిమ్ తీసేసి షెల్టర్‌లో అందరి కార్లకి మంచులో వేసే చలికాలపు టైర్లు పెట్టుకుందాం అని. కారణం, జిమ్ కంపు మెట్ల మీదుగా రెండో అంతస్తుదాకా వస్తోందట. ఔలిస్ ఉండేది రెండో అంతస్తు. ఆయన బాల్కనీలో టైర్లు ఎనిమిది.

"కంపన్నది అబద్ధమా?" అని అడిగింది హిల్కా. ఆమెకి నిజం చెప్పే రోగం ఉంది.

"అబద్ధం కాదనుకో. ఆయన టైర్ల కంపు ఎవరు పీలుస్తున్నారు?" అన్నాను.

"ఊరుకోవమ్మా. కంపు పోగొడితే గొడవే లేదు కదా" అన్నాడు ఓస్మో.

సమావేశం గురువారం. ముందటి శనివారం మేడవాళ్లంతా కలిసి పనిచేసే రోజు వచ్చింది. ఏటా మంచు కరగ్గానే చేస్తాం. అందరూ వచ్చారు, అందరూ వాకిట్లో ఆకులు ఊడ్చారు, ఎందుకంటే సాసేజీలు కాల్చేది వాకిట్లోనే. షెల్టర్‌లోకి దిగింది మళ్లీ మేము ముగ్గురమే. బకెట్టెడు నీళ్లలో దేవదారు సబ్బు కలిపి బల్లలు తోమాం, చాపలు తోమాం, లెగ్ ప్రెస్ తోమాం. సాయంత్రానికి నడుములు పడిపోయాయి. కంపు పోలేదు. దానికి దేవదారు కంపు తోడైంది. అడవిలో ఎలుగుబంటి కసరత్తు చేసి వెళ్లిందా అన్నట్టు తయారైంది.

"ఇది పైపైన తోమితే పోయేది కాదు. క్రిములు లోపలికి దిగిపోయాయి. వేడి కావాలి" అంది హిల్కా.

ఓస్మో ముఖం వెలిగిపోయింది. ఓస్మో ముఖం వెలిగిందంటే నాకు తుంటి సలుపుతుంది.

"వేడా? మనకి వేడికేం తక్కువ? వారానికి ఇంటికో సౌనా గంట కదా, బుధవారం ఆరు నుంచి ఏడు నాది. తొంభై డిగ్రీలు! తొంభై డిగ్రీల్లో ఏ ప్రాణీ బతకదు, మనం తప్ప" అన్నాడు.

ఇప్పుడు తలుచుకుంటే, ముగ్గురిలో ఒక్కరికైనా అది పిచ్చి పని అనిపించాల్సింది. అనిపించలేదు. మా అమ్మమ్మ సౌనాలో మా అమ్మని కన్నది. అదే సౌనాలో పంది తొడ పొగబెట్టింది. తాతయ్య పోతే అదే సౌనాలో స్నానం చేయించింది. ఇన్నిటికి పనికొచ్చింది డంబెల్స్‌కి పనికి రాదా? "భలే ఆలోచనయ్యా ఓస్మో" అన్నాను. అన్నది నేనే.

బుధవారం ఆరింటికి సరుకంతా మోశాం. చాపలు, బాక్సింగ్ తొడుగులు, పెద్ద గాలి బంతి, ఒళ్లు రుద్దుకునే ఫోమ్ రోలరు, డంబెల్స్ మొత్తం. డంబెల్స్ గురించి ఒక మాట చెప్పాలి. వాటి పట్టు ఎప్పుడో అరిగిపోయింది. బాగుచేసింది ఓస్మో. ఓస్మోకి తెలిసిన మరమ్మతు ఒక్కటే: హాకీ కర్రకి చుట్టే టేపు. కుళాయి కారినా అదే, కళ్లజోడు విరిగినా అదే. ప్రతి డంబెల్‌కీ లోపల తివాచీ అతికించే బంక టేపు, దాని మీద హాకీ టేపు, ఏడాదికో పొర చొప్పున చుట్టుకొచ్చాడు. వాటన్నిటినీ పై బల్ల మీద వరసగా పేర్చాం. చాపల్ని కింది బల్ల మీద పరిచాం. బంతిని మూలన కూర్చోబెట్టాం.

"నీళ్లు పొయ్యనా?" అన్నాడు ఓస్మో, గరిటె పట్టుకుని.

"ఎవరికోసమయ్యా?"

"మర్యాద కోసం" అని పొయ్యి మీద కాగుతున్న రాళ్ల మీద ఒక గరిటె పోశాడు. చుయ్యిమంది. తలుపు మూసి బయట బల్ల మీద కూర్చుని కాఫీ తాగాం. ముగ్గురం మనసారా నవ్వుకున్నాం.

ఏడు కావడానికి పావుగంట ఉందనగా తలుపు తీశాం.

చాపలు అప్పడాల్లా చుట్టుకుపోయాయి. ఫోమ్ రోలరు సగమైపోయింది. బంతి మాత్రం పెరిగింది. మూలంతా అదే ఉంది, ఒళ్లంతా నిగనిగలాడుతోంది. డంబెల్స్ చూడ్డానికి బాగానే ఉన్నాయి. ఓస్మో ఒకటి పట్టుకున్నాడు, అరిచాడు, వదిలేశాడు. తొంభై డిగ్రీల్లో కాలిన ఇనుము మరి.

"చేతి తొడుగులు! ఒవెన్ తొడుగులు తేండి!" అంది హిల్కా.

"మా ఇంట్లో ఒకటే ఉంది, ఎడమది" అన్నాడు ఓస్మో.

నా తొడుగులు నాలుగో అంతస్తులో. వెళ్లి వచ్చేసరికి ఏడవుతుంది, ఏడు నుంచి ఔలిస్ గంట. మా దగ్గర ఇంకొకరి సౌనా గంటలోకి చొరబడటమంటే ఏమిటో మీకు చెప్పలేను. పక్కింటివాడి భార్యని లేవదీసుకుపోతే ఊరు మర్చిపోవచ్చు, సౌనా గంటలో ఐదు నిమిషాలు తిన్నవాణ్ణి మనవళ్ల కాలందాకా చెప్పుకుంటారు. హిల్కా రెండు తువ్వాళ్లు తడిపింది. వాటితో పట్టుకుని ఒక్కొక్క డంబెల్ బయటికి చేరవేశాం. చివరికి బంతి మిగిలింది. అది తలుపులో పట్టలేదు.

"నెట్టు!"

"నెడుతున్నానే తల్లీ, అది నన్ను నెడుతోంది!"

"బిరడా పీకు!"

ఓస్మో బిరడా పీకాడు. ఆ శబ్దం నేను రాయలేను. పొడుగ్గా, తడిగా, ఆగి ఆగి, మెట్లదాకా మోగింది. అది మోగుతుండగానే మెట్ల మీద ఔలిస్ కనిపించాడు. భుజాన తువ్వాలు, ఒక చేతిలో బీరు సీసా, ఇంకో చేతికి గడియారం. ముగ్గురం బంతి మీద పడుకుని ఉన్నాం. అదింకా తన పని తను చేస్తోంది.

"ఏడు దాటి రెండు నిమిషాలైంది" అన్నాడు ఔలిస్.

"వెళ్లిపోతున్నాం ఛైర్మన్ గారూ" అంది హిల్కా.

"ఇదేమిటి?"

"బంతి" అన్నాడు ఓస్మో. అబద్ధమేమీ కాదు.

ఔలిస్ ఇంకేమీ అడగలేదు. మా దగ్గర అడగరు. మమ్మల్ని దాటి లోపలికి పోయి గొళ్లెం పెట్టుకున్నాడు. మేము సామాను షెల్టర్‌లోకి లాక్కెళ్లాం. అక్కడ దీపం కింద చూస్తే తెలిసింది. డంబెల్స్ మీద హాకీ టేపు వదులై వేలాడుతోంది. లోపలి బంక లేదు.

"బంకేదయ్యా?" అన్నాను.

ఓస్మో తన అరచేతులు చూసుకున్నాడు. తర్వాత సౌనా వైపు చూశాడు. సౌనాలో దీపం గుడ్డిది. పై బల్ల ఎవరూ తుడవలేదు.

"ఆయన గుడ్డ పరుచుకునే ఉంటాడులే. ఆ బోర్డు రాసిందే ఆయన కదా" అంది హిల్కా.

అదీ నిజమే అనుకుని ఊపిరి పీల్చుకున్నాం. అప్పుడే గోడవతల నుంచి కేక వినిపించింది. ఔలిస్ నోట బూతు వినడం ఆ మేడలో అదే మొదటిసారి.

పరిగెత్తాం. నా తుంటితో నేనూ పరిగెత్తాను. గొళ్లెం పాతది, ఓస్మో భుజంతో ఒక్కటిస్తే ఊడింది. లోపల పై బల్ల మీద ఔలిస్ కూర్చుని ఉన్నాడు, ఉడకబెట్టిన పీతంత ఎర్రగా. మమ్మల్ని చూడగానే పక్కనున్న నీళ్ల బకెట్టు లాగి ఒళ్లో పెట్టుకున్నాడు. గుడ్డ లేదు. పీట గుడ్డ లేదు! ఆ బోర్డు రాసిన మనిషి, తలుపు మూసుకున్నాక ఎవరు చూస్తారులే అని ఉత్త పిర్రలతో కూర్చున్నాడు.

"అతుక్కుపోయాను" అన్నాడు.

"ఎంత మేర?" అంది హిల్కా, నర్సు గొంతుతో.

"మొత్తం."

"ఒక్కసారి లాగేస్తే సరి, ప్లాస్టరు లాగినట్టు" అన్నాడు ఓస్మో. లాగి చూశాడు. ఔలిస్ పెట్టిన రెండో కేక మొదటిదాన్ని మించిపోయింది.

"ఆపవయ్యా! మనిషి అసలే ఉడుకుతున్నాడు, ముందు బయటికి తేవాలి" అంది హిల్కా. పొయ్యి ఆర్పింది గాని రాళ్లు చల్లబడటానికి గంటపైనే పడుతుంది. ఔలిస్ చెవులు ఊదా రంగుకి తిరుగుతున్నాయి. అంతదాకా నాకు లోలోపల నవ్వు వస్తూనే ఉంది. ఆ చెవులు చూశాక పోయింది.

సౌనా బల్లలు కడగడానికి వీలుగా ఊడి వస్తాయి. చెక్కల చట్రం కమ్మీల మీద ఊరికే ఆని ఉంటుంది. మిల్లులో నేను ముప్పై ఏళ్లు ఎత్తింది ఇలాంటి బరువులే, క్రేన్‌తో అనుకోండి.

"బల్లతో సహా ఎత్తుదాం. ఓస్మో, నువ్వు ఆ కొస. హిల్కా, నువ్వు ఈ కొస. నడుములు వంచకండి, కాళ్లతో లేపండి. మధ్యలో నేనుంటాను" అన్నాను.

"నీ తుంటి!" అంది హిల్కా.

"నోరు మూసుకుని పట్టు."

కింది బల్ల పక్కకి లాగి పై బల్ల కిందికి దూరాను. మోకాళ్లు వంచి వీపు చెక్కలకి ఆనించాను. నా తల మీద ఔలిస్, ఆయన ఒళ్లో బకెట్టు. లెగ్ ప్రెస్ మీద ఎలా తోస్తానో అలాగే మడమలు నేలకి తన్ని తోశాను. ఒక్క క్షణం ఏమీ కదల్లేదు. ఈ కాళ్లు ఇంతేనా అనిపించింది. అంతలో చట్రం కమ్మీల మీంచి లేచింది.

"నిదానం... ఎడమకి... ఇంకొంచెం... తలుపు వస్తోంది, తల వంచండి ఛైర్మన్ గారూ... దించు, దించు, దించు."

కడుక్కునే గదిలో నేల మీద దించాం. ఔలిస్ బల్ల మీద, పల్లకీలో పెళ్లికొడుకులా, బకెట్టు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. హిల్కా ఆయన నెత్తిన చన్నీళ్లు పోసింది. బంక వదిలించడానికి నూనె తెమ్మంటే ఓస్మో పరిగెత్తి, మధ్యాహ్నం చేపలు వేయించిన వెన్న పెనంతో సహా తెచ్చాడు.

"ఇందులో మిరియాలున్నాయి" అన్నాడు.

"తెలుస్తోంది" అన్నాడు కాసేపటికి ఔలిస్.

అరగంట పట్టింది. ఆయన వెంట్రుకలు చాలావరకు మా సంఘం ఆస్తిలో కలిసిపోయాయి. విడిపించాక తువ్వాలు చుట్టుకుని, చేపల వాసనతో, గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. "ఇది..." అన్నాడు. ఆగిపోయాడు. "మేమేం చూడలేదు" అంది హిల్కా. ఆయన తలాడించి మెట్లెక్కి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది, హాయిగా. ఆయన గుట్టు నా గుప్పిట్లో ఉంది. టైర్ల మాట ఎత్తితే పిర్రల మాట ఎత్తుతాను, అంతే. సిగ్గుపడాల్సిన ఆలోచనే, నేను మాత్రం సిగ్గుపడలేదు. నా కిటికీ నాకు ముఖ్యం.

గురువారం సమావేశానికి జనం బాగానే వచ్చారు, ఏలకుల బన్నులు ఉంటాయని తెలుసు కాబట్టి. అందరూ కూర్చున్నారు. ఛైర్మన్ నిలబడ్డాడు.

"కూర్చోండి ఔలిస్ గారూ, చాలాసేపు పడుతుంది" అన్నారెవరో.

"నిలబడే బాగుంది."

పైకప్పు సంగతి నిలబడే మాట్లాడాడు. నీటి గొట్టాల సంగతీ నిలబడే. ఓస్మో బన్ను ముక్క గొంతుకడ్డం పడి దగ్గుతున్నాడు. చివరికి షెల్టర్ దగ్గరికొచ్చింది. మూడో అంతస్తు కుర్రజంట, నాలుగు టైర్లవాళ్లు, లేచారు.

"టైర్లే నయం. జిమ్ ఎవరు వాడుతున్నారు? ముగ్గురు పెద్దవాళ్లు. వాళ్లకైనా దాని వల్ల ఏం ఒరిగింది? కంపు తప్ప" అన్నాడు అబ్బాయి.

నా చెవులు వేడెక్కాయి. లేవబోయాను. మాట నాలిక చివర సిద్ధంగా ఉంది, ఔలిస్ పిర్రలతో మొదలవుతుంది. హిల్కా నా చెయ్యి పట్టుకుని కిందికి లాగుతోంది.

"ఒరిగింది" అన్నాడు ఔలిస్.

తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. ఆయన నా వైపు చూడలేదు, కిటికీ వైపు చూస్తున్నాడు.

"సైమి గారి కాళ్లు నూట నాలుగు కిలోలు లేపుతాయి. బల్ల బరువు కాక."

"మీకెలా తెలుసు?" అంది ఆ అమ్మాయి.

ఔలిస్ గొంతు సవరించుకున్నాడు. మెడ కింది నుంచి ఎరుపు పైకి పాకింది. "కొలిచాను" అన్నాడు.

సర్వేయర్ కొలిచానన్నాక మా మేడలో ఎదురు చెప్పేవాళ్లు లేరు. నేను కూర్చుండిపోయాను. నాలిక చివరున్న మాట మింగేసుకున్నాను. దాని రుచి ఏమీ బాగోలేదు. అప్పుడొచ్చింది సిగ్గు, ఒక రాత్రి ఆలస్యంగా.

"కంపు సంగతి వేరు. సౌనాలో వందమంది చెమటోడ్చినా కంపు రాదు. ఎందుకు? గుడ్డ పరుచుకుంటారు కాబట్టి. జిమ్‌లోనూ ఎవరి గుడ్డ వాళ్లు తెచ్చుకోవాలి. ఛైర్మన్‌తో సహా. ముఖ్యంగా ఛైర్మన్" అన్నాడు ఔలిస్. టైర్ల ప్రతిపాదన వెనక్కి తీసుకున్నాడు. ఆ ఎనిమిదీ ఇప్పటికీ ఆయన బాల్కనీలోనే ఉన్నాయి. వాళ్లావిడ అందుకు ఈనాటికీ నన్నే కారణమంటుంది, ఎందుకో ఆమెకి తెలియకపోయినా.

వారం తర్వాత నేను లెగ్ ప్రెస్ మీద ఉండగా ఇనుప తలుపు తెరుచుకుంది. ఔలిస్, చంకలో నూనె డబ్బా, చేతిలో నీలం పూల గుడ్డ. నా యంత్రం కీలుకి నాలుగు చుక్కలు వేశాడు. కీచుమనడం ఆగింది. తర్వాత ఎదురు బల్ల దగ్గరికెళ్లి గుడ్డ పరిచాడు, అంచులు బల్ల అంచులకి సరిగ్గా కలిసేదాకా సర్దాడు. కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"తుడిచారా ఇది?" అన్నాడు.

"మూడుసార్లు. టేపు కూడా లేదు."

ఒక చేత్తో గోడ పట్టుకుని, మెల్లగా, మెల్లగా కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. గుడ్డ బల్ల మీదే ఉంది, మనిషి విడిగా ఉన్నాడు. అప్పుడు నిమ్మళంగా కూర్చున్నాడు.

ఆ రోజు బంగాళాదుంపల సంచీతో నాలుగంతస్తులూ ఎక్కాను. రెండో అంతస్తు దగ్గర ఒక్కసారే ఆగాను, అదీ ఔలిస్ తలుపు మీద కొత్త బోర్డేమైనా పెట్టాడేమో చూద్దామని.